కడ్డీ వదిలిన చెయ్యి

మా సంఘంలో ఎవరి జబ్బైనా నయమైతే వాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే కొంపలేం మునగవు గానీ, మన కోసం నెలల తరబడి ప్రార్థన చేసినవాళ్ళు ఎదురుచూస్తారు. నాకు బాగైందని తెలిసిన గురువారం సాయంత్రమే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఫోన్‌లో "ఈ ఆదివారం నీ సాక్ష్యం పెట్టుకుందామమ్మా" అన్నారు. సరేనండి అని పెట్టేశాను. అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు. నన్ను బాగుచేసింది ఏమిటో నాకే తెలియదు. తెలియని సంగతిని దేవుడి ఎదుట, పైగా మా అత్తయ్య ఎదుట, తెలిసినట్టు ఎలా చెప్పడం?

మొదట్నుంచి చెప్తాను. నేను బస్సు కండక్టర్ని. బందరు నుంచి గుడివాడకి, అవనిగడ్డకి తిరిగే బస్సుల్లో నా డ్యూటీ. మా ఆయన డ్రైవరు. డ్యూటీలో ఉండగానే గుండెపోటుతో పోయారు. ఆయన ఉద్యోగానికి బదులుగా నాకీ ఉద్యోగం ఇచ్చారు. పిల్లల్లేరు. ఇంట్లో నేనూ, ఆయన తల్లి మా అత్తయ్యా. ఇద్దరి కడుపులూ ఈ బస్సు మీదే నిండుతున్నాయి. నాకు నోరెక్కువని అందరూ అంటారు. కండక్టరుకి నోరు లేకపోతే బస్సు బయల్దేరదని నేనంటాను.

కిందటేడు వానల్లో గుడివాడ నుంచి వస్తుంటే గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు ఎక్కి బస్సు కిక్కిరిసిపోయింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఒకణ్ణి లోపలికి రమ్మని తిడుతూ, పై కడ్డీ పట్టుకునే ముందుకొస్తున్నాను. కవుతరం దగ్గర గేదె ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నేను వెళ్ళి ఇంజను మూత మీద పడ్డాను. గడ్డం చీలి ఏడు కుట్లు పడ్డాయి. గేదెకి ఏమీ కాలేదు.

కుట్లు మానాక డ్యూటీకి వెళ్ళాను. బస్సు కదలగానే నా కుడి చెయ్యి పైనున్న కడ్డీని పట్టుకుంది. ఇక వదల్లేదు. వదలమని నేను నా చేతికి చెప్తున్నాను, అది వినడం లేదు. వేళ్ళు తెల్లబడ్డాయి, చంక తడిసిపోయింది, కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. కండక్టరుకి రెండు చేతులూ కావాలి. ఎడమ చేతిలో టిక్కెట్లు కొట్టే మిషను, కుడి చేత్తో చిల్లర. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు కూడా ఉండదు. డబ్బు తీసుకోకపోయినా ప్రతి మనిషికీ టిక్కెట్టు కొట్టాల్సిందే. నేను వెళ్ళి ముందు సీట్లో కూర్చుని, "ఆధార్ కార్డులు చేతుల మీదుగా పంపించండమ్మా" అని అరవడం మొదలుపెట్టాను. కార్డులు తారుమారయ్యేవి. జనం తిట్టేవాళ్ళు. నేను రెండింతలు తిట్టేదాన్ని.

డాక్టరు చెవులూ మెడా తలా అన్నీ పరీక్ష చేయించాడు. "ఎక్కడా ఏమీ లేదమ్మా, భయం అంతే" అని మాత్రలు రాశాడు. భయమని తెలిశాక ఇంకా భయం వేసింది. ఈ సంగతి పైవాళ్ళ కంట్లో పడితే మెడికల్ పరీక్షకి పంపుతారు. నిలబడలేని కండక్టరుని ఏం చేసుకుంటారు? నా ఉద్యోగం పోతే డెబ్బై ఏళ్ళ మా అత్తయ్యకి నేనేం పెట్టాలి? నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు.

అత్తయ్య మాత్రం వెంటనే తన పని మొదలుపెట్టింది. స్త్రీల సమాజంలో నా పేరు మీద ప్రార్థన పెట్టించింది. ప్రతి శుక్రవారం ఉపవాసం పట్టింది. శుక్రవారం పొద్దున్నుంచి శనివారం తెల్లారేదాకా మంచినీళ్ళే. షుగరు లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఆ వయసులో అది తేలిక కాదు. నేను వద్దంటే "నీ పని నువ్వు చూసుకో" అనేది. నా పని చూసుకోలేకపోవడమే కదా అసలు గొడవ.

ఆ రోజుల్లోనే మాస్టారు కనిపించారు. కనిపించడమేమిటి, రోజూ నా బస్సులోనే గుడివాడ వెళ్ళొచ్చేవారు. నేను పడ్డ రోజూ బస్సులో ఉన్నారు. బందరులో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కుంగ్‌ఫూ నేర్పేవారు. సన్నటి మనిషి, గాలికి ఎగిరిపోతాడేమో అనిపిస్తుంది. బస్సులో కడ్డీ పట్టుకోకుండా పేపరు చదువుకుంటూ నిలబడేవారు. పెడన మలుపులో బస్సంతా ఒక పక్కకి ఒరిగినా ఆయన పేజీ తిప్పుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు "పట్టుకోండి మాస్టారూ, పడితే నా పీకకి చుట్టుకుంటుంది" అన్నాను.

ఆయన పేపరు మడిచి, "మీరు పట్టుకునే పడ్డారు గదమ్మా" అన్నారు. దిగేటప్పుడు మెల్లిగా చెప్పారు. "మీ మోకాళ్ళు బిగబట్టేశారు. బిగిసినదేదైనా బ్రేకుకి పడుద్ది. పొద్దున్నే అయిదున్నరకి గ్రౌండుకి రండి. చైనావాళ్ళ విద్య ఒకటుంది, పెద్దవాళ్ళకి నెమ్మదిగా చేసేది, తాయ్‌చీ అంటారు. డబ్బులేం వద్దు."

నాలుగు రోజులు ఆలోచించి వెళ్ళాను. తన్నడం, గుద్దడం నేర్పుతారనుకున్నాను. నాలుగు గుద్దులు వస్తే కొందరు ప్రయాణికుల విషయంలో పనికొస్తాయని ఆశ కూడా ఉంది. అక్కడ పదిమంది ఉన్నారు. బీపీ ఉన్న కిరాణా కొట్టాయన, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, మోకాళ్ళు అరిగిన టీచరమ్మలు. అందరూ పెద్ద బిందెని కౌగిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, కదలకుండా నిలబడి ఉన్నారు. బిందె మాత్రం లేదు. నన్నూ అలాగే నిలబడమన్నారు. రెండు నిమిషాలకి తొడలు వణికాయి.

"రోజుకి ఎనిమిది గంటలు నిలబడేదాన్ని నేను. నిలబడడం నేర్చుకోడానికి తెల్లారకుండా రావాలా మాస్టారూ?" అన్నాను.

"మీరు నిలబడట్లేదమ్మా, వేలాడుతున్నారు" అన్నారాయన.

ఇంకో చిక్కు వచ్చిపడింది. మొదలుపెట్టే ముందు, ముగించాక, కుడి పిడికిలిని ఎడమ అరచేతిలో పెట్టి తల వంచాలి. నేను వంచలేదు. ఇది ఎవరికి పెట్టే దణ్ణమో నాకెలా తెలుసు? మా సంఘంలో ఒకావిడ నడుం నొప్పికి యోగాకి వెళ్తే నెలరోజులు ఆవిడ గురించే మాట్లాడుకున్నారు. మాస్టార్ని అడిగితే, "ఎదుటివాళ్ళకమ్మా, మీతోపాటు చేసేవాళ్ళకి. నా పిడికిలి మీ మీదకి రాదని చెప్పడం" అన్నారు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పిడికిలి పెట్టి, తల వంచి, లోపల మాత్రం "ప్రభువా, ఇది నీకే" అనుకునేదాన్ని. ఎదురుగా కిరాణా కొట్టాయన ఉండేవాడు. ఎవరికి చేరేదో మరి.

ఈ విద్య మాస్టారికి కుర్రతనంలో మద్రాసులో పళ్ళు కట్టే ఒక చైనా డాక్టరు నేర్పాడట. ఆయన మాటలు మాస్టారు తెలుగులో చెప్పేవారు. ఒక కాలు నిండుగా ఉండాలి, ఒక కాలు ఖాళీగా ఉండాలి. ఖాళీ కాలు నేల తాకి, నేల ఉందని రూఢి చేసుకున్నాక, అప్పుడు బరువు అందులోకి పోయాలి. ఆ నడక నాకు మొదటిరోజే వచ్చేసింది. మాస్టారు ఆశ్చర్యపోయారు. టీచరమ్మలకి మూడు నెలలు పట్టిందట. నాకెందుకొచ్చిందా అని ఆలోచిస్తే ఇంటికెళ్ళే దారిలో తట్టింది. నేను పుట్టి పెరిగింది దివిసీమలో కోడూరు పక్క పల్లె. మా అమ్మతోపాటు నాట్లకి వెళ్ళేదాన్ని. దమ్ము చేసిన చేలో పిక్కల దాకా బురద. నెత్తిన నారుకట్టలు. "ముందు కాలెయ్యి, తర్వాత బరువెయ్యి. బరువేసి కాలేస్తే కూలబడతావే" అని మా అమ్మ కేకలేసేది. మద్రాసులో చైనా పళ్ళ డాక్టరూ, కోడూరులో మా అమ్మా ఒకటే ఎలా చెప్పారో నాకు అర్థం కాలేదు.

కొన్నాళ్ళకి తోపుడు నేర్పారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకి మణికట్టు ఆనించి, ఒకరు నెమ్మదిగా తోయాలి. రెండోవాళ్ళు ఎదురు తన్నకుండా, పారిపోకుండా, నడుము తిప్పి ఆ తోపుని పక్కకి పోనివ్వాలి. కిరాణా కొట్టాయన నన్ను తోశాడు. నాకు ఎక్కళ్ళేని కోపమూ వచ్చింది. ఒక్క తోపు తోస్తే ఆయన వెళ్ళి గడ్డిలో కూర్చున్నాడు. "పాపం, ఆయనకి బీపీ అమ్మా" అన్నారు మాస్టారు. క్షమించమని అడిగాను. మర్నాడూ అదే జరిగింది. మూడోరోజు నుంచి ఆయన నన్ను తప్పించుకుని టీచరమ్మల పక్కన చేరాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఎవరైనా ముట్టుకుంటే చాలు పోట్లాటకి సిద్ధపడడం నాకు ఎప్పట్నుంచి అలవాటైంది? మా ఆయన ఉన్నప్పుడు ఇలా లేను.

నెలలు గడిచాయి. నిద్ర పట్టడం మొదలైంది. పొద్దున్నే లేస్తే మడమలు పోటెత్తడం తగ్గింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. అన్నిటికన్నా వింత నా నోరు. చిల్లర దగ్గర ఎవరైనా గద్దిస్తే, నేను జవాబు చెప్పేముందు ఊపిరి బయటికి పోయేది, దాంతోపాటు సగం తిట్లు కూడా పోయేవి. ఒకసారి పెడన నుంచి వచ్చే ఒక పెద్దాయన నన్నిష్టమొచ్చినట్టు అంటే, ఊరికే టిక్కెట్టు చింపి ఇచ్చాను. ఆయన దిగేముందు వెనక్కి వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.

కానీ చెయ్యి కడ్డీని వదల్లేదు. గ్రౌండులో ఒంటికాలి మీద నిలబడగలను. బస్సు కదిలితే కడ్డీయే. ఇంత చేసినా ఎందుకు వదలదో మాస్టారికీ తెలియదు.

ఇదంతా అత్తయ్యకి చెప్పలేదు. ఫస్టు బస్సు డ్యూటీ వేశారని అబద్ధం ఆడాను. నిజంగా ఫస్టు బస్సు డ్యూటీ వచ్చిన రోజు గ్రౌండు మానేసేదాన్ని. ఒకవైపు ఆవిడ నా కోసం పస్తులుంటోంది, ఇంకోవైపు నేను ఆవిడకి తెలియకుండా చైనావాళ్ళ విద్యతో కాళ్ళు బాగుచేసుకుంటున్నాను. ఇది ద్రోహమో కాదో తేల్చుకోలేకపోయాను.

నేను పడ్డ పదకొండు నెలలకి ఆ గురువారం వచ్చింది. ఆ పొద్దున బద్ధకించి గ్రౌండుకి కూడా వెళ్ళలేదు. మధ్యాహ్నం అవనిగడ్డ బస్సు. ఒకటే రద్దీ, ముందు సీట్లో చోటు లేక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. చల్లపల్లి దాటాక గడ్డి ట్రాక్టరు ఒకటి అడ్డం తిరిగితే డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. జనమంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. నా మోకాళ్ళు కిందికి దిగి మళ్ళీ లేచాయి. "మోపిదేవి ఎంతమందమ్మా?" అని అడుగుతున్నదాన్ని అడుగుతూనే ఉన్నాను. ఒక చేతిలో మిషను, ఒక చేతిలో నోట్లు. పై కడ్డీ ఖాళీగా ఉంది. ఎప్పుడు వదిలానో నాకు తెలియదు. చూసుకోగానే ఏడుపొచ్చింది. అవనిగడ్డ దాకా ఏడుస్తూనే టిక్కెట్లు కొట్టాను. ఒకామె తన కూతురి పక్కన చోటిచ్చి కూర్చోమంది. నేను కూర్చోలేదు.

ఆ సంతోషంలో ఇంటికొచ్చి అత్తయ్యకి బాగైందని చెప్పేశాను. ఆవిడ నా కాళ్ళు రెండూ పట్టుకుని చూసింది, స్తోత్రం చెప్పింది, వెంటనే అయ్యగారికి ఫోన్ చేసింది. మర్నాడు కృతజ్ఞత అని ఇంకో ఉపవాసం చేసింది.

శనివారం గ్రౌండుకి వెళ్ళి మాస్టార్ని సూటిగా అడిగాను. "నాకు బాగైంది మీ విద్య వల్లేనా? ఔనంటే అనండి, రేపు అందరిముందూ చెప్తాను."

"ఏం చెప్పనమ్మా. మా ఆవిడ మోకాళ్ళకి ఆరేళ్ళుగా ఇదే నేర్పుతున్నాను. ఇంకా కుర్చీ పట్టుకునే లేస్తుంది" అన్నారు. ఆయన ఔనని ఉంటే నాకు హాయిగా ఉండేది. మాత్రలంటే ఆర్నెల్ల కిందటే మానేశాను. అవి ఆలస్యంగా పనిచేశాయేమో కూడా తెలియదు.

ఆదివారం అయ్యగారు నన్ను పిలిచారు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో అత్తయ్య, నెత్తిన కొంగు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. నేను నిలబడ్డాను. మైకు చేతికిచ్చారు. వందనాలు చెప్పి, "నాకు బస్సులో నిలబడ్డానికి భయం ఉండేది. మా అత్తయ్య ప్రతి శుక్రవారం పస్తులుంది. మీరందరూ ప్రార్థన చేశారు. డాక్టరుగారు మాత్రలిచ్చారు. నేను ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళి చైనావాళ్ళ వ్యాయామం చేస్తున్నాను. బాగైంది. దేనివల్ల బాగైందో నాకు తెలీదు. తెలీదనే చెప్తున్నాను" అన్నాను. కూర్చున్నాను.

కాసేపటికి అయ్యగారు "స్తోత్రం" అన్నారు. సంఘం కూడా అంది, కాకపోతే తడబడుతూ అంది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నన్ను చీవాట్లు పెడతారనుకున్నాను. ముగ్గురు వచ్చి మోకాళ్ళకి పనిచేస్తుందా అని అడిగారు. పాస్టరమ్మగారు నన్ను పక్కకి తీసుకెళ్ళి, "నడుం నొప్పిక్కూడానా?" అంది చిన్నగా.

అత్తయ్య ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఫస్టు బస్సని రోజూ నాలుగున్నరకి లేచి నీకు ఉప్మా చేసి పెట్టాను. గ్రౌండుకా అదంతా?" అంది. తప్పయిందన్నాను. "చెప్తే వద్దంటానా?" అంది. అంటుందో అనదో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత బట్టలు మార్చుకుని వచ్చి మామూలుగా అడిగింది. "అయితే శుక్రవారాలు నేను ఇక అన్నం తినొచ్చా?"

నేను పదకొండు నెలలు నా కాళ్ళ గురించి, నా ఉద్యోగం గురించి, నా అబద్ధం గురించి ఆలోచించాను. ఆవిడకి ఆకలేస్తుందన్న సంగతి ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు. "తినండి అత్తయ్యా, కడుపునిండా తినండి" అన్నాను.

ఆ శుక్రవారం పొద్దున నేనే వండాను. ముద్దపప్పు, గోంగూర, చారు. డ్యూటీకి వెళ్ళేముందు ఆవిడకి కంచంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ కలిపింది. ముద్ద చేసింది. నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ కంచంలో పెట్టేసింది.

"నువ్వెళ్ళి రా. వచ్చాక తింటాను."

"నాకు బాగైంది గదా అత్తయ్యా. ఇంకెందుకు?"

"నీకు బాగైంది" అంది. కంచాన్ని కాస్త ముందుకి నెట్టింది. "వాడు పోయిన పూట నేను తిని పడుకున్నానే. బస్టాండు నుంచి మనిషి వచ్చి లేపితే గానీ లేవలేదు. వేళ్ళకి గోంగూర వాసన అలాగే ఉంది."

ఏ విద్యా, ఏ మాత్రా దీనికి పనికొస్తుందో నాకు తెలియదు. ప్రార్థన అంటే ఆవిడ చేస్తూనే ఉంది. కంచం మీద మూత పెట్టాను. ఎన్నింటికొస్తావని అడిగింది. ఆరున్నర అన్నాను.

సాయంత్రం గుడివాడలో బస్సు ఎక్కే ముందు డ్రైవరుతో, "అన్నయ్యా, ఇవాళ కాస్త త్వరగా లాగించు, ఇంట్లో అన్నం తినాలి" అన్నాను. ఆరుంపావుకి గుమ్మంలో ఉన్నాను. ఆవిడ కంచం ముందే కూర్చుని ఉంది.